ఖర్జూరం, చోడి (రాగి) ఉండలు: మొదటిసారి రాలిపోయాయి, రెండోసారి బూజు పట్టాయి. ఎక్కడ తప్పు చేశాను?

నాగావళి అమ్మ, శ్రీకాకుళం
జులై 8, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం టౌను. ఇంట్లో టైలరింగ్ చేసుకుంటాను. మా అబ్బాయికి 19 ఏళ్లు, ఆర్మీ సెలక్షన్‌కి ప్రిపేర్ అవుతున్నాడు. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి, ఐదుంపావుకల్లా గ్రౌండ్‌లో ఉంటాడు. రోజూ 1600 మీటర్లు టైము పెట్టుకుని పరుగెత్తుతాడు, తర్వాత పుల్‌అప్స్. ఆ వేళప్పుడు ఏమైనా తిను నాన్నా అంటే వినడు. ఇడ్లీ తింటే కడుపు బరువు, పాలు తాగితే వికారం అంటాడు. ఖాళీ కడుపుతోనే వెళ్లిపోతాడు. పోయిన నెల ఒకరోజు మూడో రౌండులో కళ్లు తిరిగి గ్రౌండ్‌లోనే కూర్చుండిపోయాడట. ఆ మాట కూడా వాడు చెప్పలేదు, వాడి ఫ్రెండ్ చెప్పాడు. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్.

పొయ్యి వెలిగించి పాకాలు పట్టే పని లేకుండా, ఖర్జూరంతో ఉండలు చేసి డబ్బాలో పెడితే వాడే రెండు తీసుకుని వెళ్తాడు కదా అనుకున్నాను. రెండుసార్లు చేశాను, రెండుసార్లూ పాడయ్యాయి.

మొదటిసారి: బండి మీద కొన్న ఖర్జూరం పావుకిలో, ఓట్స్ రెండు గ్లాసులు, చోడి పిండి ఒక గ్లాసు, వేయించిన వేరుశనగ గుళ్లు ఒక గ్లాసు. అన్నీ మిక్సీలో వేశాను. ఉండ కడుతుంటేనే పగుళ్లు వచ్చాయి. వాడి జేబులో పెడితే గ్రౌండ్‌కి చేరేసరికి పొడి మిగిలింది.

రెండోసారి: అంటుకోవాలని రెండు అరటిపళ్లు, ఒక చిప్ప పచ్చికొబ్బరి, రెండు చెంచాల తేనె కలిపాను. చక్కగా ఉండలయ్యాయి, రుచి కూడా బాగుంది. స్టీలు డబ్బాలో పెట్టి గూట్లో ఉంచాను. నాలుగో రోజు పొద్దున్న చూస్తే అడుగున ఉన్న వాటికి తెల్లటి బూజు. ముందు రోజు వాడు అందులోవే రెండు తిన్నాడు. ఆ రోజంతా వాడి ముఖమే చూస్తూ కూర్చున్నాను. ఏమీ కాలేదు, దేవుడి దయ.

ఎక్కడ తప్పు చేశానో చెప్పండి. ఫ్రిజ్ ఉంది. ఖరీదైన గింజలు, పొడులు మాకు వద్దు, ఇక్కడ దొరికేవాటితోనే చేసుకోవాలి.


చీపురుపల్లి బాబు
జులై 8, రాత్రి 10:15

అక్కా, బెల్లం పాకం పట్టి మురీలు (మరమరాలు), గుళ్లు కలిపి ఉండలు కట్టేయండి. నెల రోజులుంటాయి. మా అమ్మ అలాగే చేస్తుంది.


నాగావళి అమ్మ, శ్రీకాకుళం
జులై 8, రాత్రి 10:30

తమ్ముడూ, మురీ ఉండలు నాకూ వచ్చు. పాకం ఒక్క నిమిషం ముదిరితే రాయిలా అవుతాయి, మా వాడికి పన్ను నొప్పి కూడా ఉంది. పండు, గింజ, ధాన్యం ఉండి మెత్తగా నమిలేలా కావాలి. అందుకే అడిగాను.


జీడితోట, సోంపేట
జులై 9, ఉదయం 6:05

చెల్లెమ్మా, మీ ప్రశ్న రాత్రే చదివాను. ఫోనులో అంత టైపు చేయలేక పొద్దున్నే కూర్చున్నాను. కాస్త పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

ఈ ఉండలు నేను ఎక్కడ నేర్చుకున్నానో ముందు చెప్తాను, మీ రెండు తప్పులకీ జవాబు అందులోనే ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మా ఉద్దానం మీద, అంటే శ్రీకాకుళం జిల్లాలో మా తీరప్రాంతం మీద పడింది. కొబ్బరి చెట్లు, జీడి చెట్లు వేళ్లతో లేచిపోయాయి. మా తోటలో సగానికి పైగా నేల మీదే. చాలా రోజులు కరెంటు లేదు. మా ఇంట్లో గ్యాస్ బండ ఆ వారమే అయిపోయింది, కట్టెలు తడిసిపోయి పొగ తప్ప మంట లేదు. దసరాకని వేయించి ఉంచిన నువ్వులు, కొంచెం బెల్లం, ఖర్జూరం, ఒక డబ్బాడు జీడి ముక్క మాత్రం ఉన్నాయి. మా అత్తగారు రోలు శుభ్రంగా తుడిచి, చిమ్మిలి (నువ్వులు, బెల్లం కలిపి దంచే ఉండలు) దంచుదాం రమ్మన్నారు. పాకం లేదు, నిప్పు లేదు, ఒక్క చుక్క నీళ్లు లేవు. దంచుతూ ఉంటే నువ్వులోంచి నూనె వచ్చింది, ఆ నూనె, బెల్లంలో తడి కలిసి ముద్ద కట్టింది. బెల్లం చాలక ఖర్జూరం వేశాం. చేతులకి ఏమీ రాసుకోకుండానే ఉండలు వచ్చాయి. మా ఇద్దరమ్మాయిలు ఆ వారం చాలావరకు అవే తిన్నారు. తర్వాత వాళ్లు చదువుకోసం హాస్టల్‌కి వెళ్లాక నాలుగేళ్లు నెలకి రెండుసార్లు చేసి పంపాను.

నేను అర్థం చేసుకున్నది ఇది. ఈ ఉండని పట్టి ఉంచేవి రెండే: పండులో ఉన్న జిగురు, గింజలోంచి వచ్చే నూనె. నీళ్లు పట్టి ఉంచవు. నీళ్లు పోసినప్పుడు ముద్దయినట్టు కనిపిస్తుంది కానీ, ఆ నీళ్లే నాలుగో రోజు బూజు తెస్తాయి.

మీ మొదటి ఉండలు ఎందుకు రాలాయంటే, బండి మీద దొరికే ఖర్జూరం చాలాసార్లు ఎండి గట్టిగా ఉంటుంది, దానిలో జిగురు తక్కువ. దానికి మీరు మూడు గ్లాసుల ఓట్స్, పిండి కలిపారు. పావుకిలో ఖర్జూరం అంత పొడిని మోయలేదు. గుళ్లు కూడా బరకగా తిప్పి వదిలేసి ఉంటారు, నూనె రాలేదు. తూకంలో జిగురు సరుకు సగం, మిగతావన్నీ కలిపి సగం ఉండాలి. గ్లాసులతో కొలవకండి. గ్లాసు ఓట్స్, గ్లాసు చోడి పిండి ఒకే బరువు ఉండవు. కూరగాయల బండి వాళ్ల దగ్గర ఉండే చిన్న త్రాసు లాంటిది ఒకటి కొనుక్కోండి, ఎక్కువ ఖర్చు కాదు, చాలా పనులకు వస్తుంది.

రెండోసారి సంగతి మీకే తెలిసిపోయి ఉంటుంది. పచ్చికొబ్బరి, అరటిపండు రెండింట్లోనూ నీళ్లు ఎక్కువే. పైగా ఇది ఆషాఢం, మన సముద్రపు గాలికి ఉప్పు డబ్బాలో ఉప్పే తడిసిపోతోంది. ఆ ఉండలు ఫ్రిజ్‌లో పెట్టి రెండో రోజుకల్లా తినేస్తే తప్పు లేదు. పచ్చిపండుతో చేసినవి అలాగే తినాలి. గూట్లో మూడు రోజులు నిలవవు. ఇంకో మాట, బూజు ఒక ఉండ మీదే కనిపించినా డబ్బా మొత్తం పారేయండి. పైపైన గీకేసి తినకూడదు, లోపలికి పాకి ఉంటుంది.

మీరు అడగని తప్పు ఒకటుంది, నాకు అదే పెద్దదనిపించింది. చోడి పిండి పచ్చిది వేశారా? వేయించినట్టు రాయలేదు. పొయ్యి మీద పెట్టని వంట అంటే పచ్చి పిండి తినొచ్చని కాదు. మర ఆడించినంత మాత్రాన పిండిలో ఉండే క్రిములు పోవు, వేడి తగలాల్సిందే. కమ్మటి వాసన వచ్చేదాకా సన్న సెగ మీద ఎనిమిది, పది నిమిషాలు కలుపుతూ వేయించండి. మొలకెత్తించి ఇంట్లో ఎండబెట్టిన చోడి పిండి అయినా అంతే. ఓట్స్ సంగతి వేరు, అవి ఆవిరి పట్టి నొక్కినవి. అటుకులు కూడా వడ్లు నానబెట్టి వేయించి దంచినవే. కాబట్టి ఆ రెండూ వండకుండా తినొచ్చు. అయినా నేను అటుకులని ఒకసారి వేడి మూకుట్లో కరకరలాడేలా చేస్తాను, వానాకాలంలో అవి మెత్తబడి ఉంటాయి కనక.

ఇప్పుడు నా కొలత. గింజ తీసిన మెత్తటి ఖర్జూరం 200 గ్రాములు. మామిడి తాండ్ర 50. అటుకులు 60. వేయించిన చోడి పిండి 40. వేయించి పొట్టు తీసిన వేరుశనగ గుళ్లు, జీడి ముక్క కలిపి 100. వేయించిన నువ్వులు 50. చిటికెడు ఉప్పు, రెండు ఏలకులు, కొంచెం శొంఠి పొడి. మొత్తం అరకిలో. ఒక్కోటి 20 గ్రాములు చేస్తే 25 ఉండలు, ఒక్కో దానిలో 75, 80 కేలరీల దాకా ఉంటాయి.

జీడిపప్పు గుండు కొనక్కర్లేదు. పలాస బజారులో ముక్క, నూక అని అడగండి, గుండు కంటే బాగా తక్కువకి వస్తుంది. పప్పు అదే, విరిగింది అంతే. మా ఇంట్లో గుండు పప్పు అమ్మకానికి, ముక్క మాకు. మా పిల్లలు ముక్క తినే పెరిగారు. గుళ్లలో మాత్రం ముడుచుకుపోయినవి, నల్లబడినవి, చేదుగా ఉన్నవి ఒక్కటి కూడా ఉంచకండి. వేరుశనగకి పట్టే బూజు కాలేయానికి మంచిది కాదు.

ఖర్జూరం ప్రతి ఒక్కటీ రెండుగా చీల్చి లోపల చూడండి. పైకి నిగనిగలాడుతున్నా లోపల పురుగో నల్లటి పొడో ఉన్నవి నేను ఎన్నో చూశాను. ఖర్జూరం గట్టిగా ఉంటే నీళ్లలో నానబెట్టకండి. ఇడ్లీ పాత్రలో ఐదు నిమిషాలు ఆవిరి పట్టండి, తర్వాత పళ్లెంలో పరిచి ఫ్యాను కింద పైతడి పూర్తిగా ఆరనివ్వండి. మెత్తబడుతుంది, నీళ్లు పట్టదు.

వేయించినవన్నీ పూర్తిగా చల్లారాలి. వేడి మీద డబ్బాలో పెడితే మూతకి చెమట పడుతుంది, ఆ చెమట ఉండల మీదే రాలుతుంది. ముందు గుళ్లు, జీడి, నువ్వులు మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. పొడి అయ్యాక ఇంకా కొంచెం తిప్పితే గిన్నె అంచుకి అంటుకోవడం మొదలవుతుంది, అక్కడ ఆపాలి. అదే నూనె వచ్చిందన్న గుర్తు. తర్వాత ఖర్జూరం వేసి తిప్పండి. మిక్సీ అరుస్తుంటే బలవంతం చేయకండి, మోటారు పోతుంది. రోలుంటే రోట్లోనే దంచండి, నిజంగా రుచి వేరు. అటుకులు చేత్తో నలిపి, పిండి, తాండ్ర ముక్కలు కలిపి పిసకండి.

కలపగానే ఉండలు కట్టకండి. మూత పెట్టి అరగంట వదిలేయండి. అటుకులు, పిండి ఆ తేమ పీల్చుకుంటాయి. అప్పటికి కానీ ముద్ద సంగతి తెలియదు. పిడికిట్లో గట్టిగా నొక్కి తెరవండి. పగిలితే రెండు ఖర్జూరాలు కలపండి, నీళ్లు వద్దు. చేతికి అంటుకుపోతే ఒక చెంచా వేయించిన పిండి చల్లండి. చేతికి నెయ్యి రాసుకుని కట్టండి, తడి చేత్తో కట్టొద్దు.

బెల్లం కావాలంటే వేసుకోవచ్చు కానీ ఆషాఢ, శ్రావణాల్లో బెల్లం గాలిలో తడి లాగి నీరు కారుతుంది. అందుకే ఈ రోజుల్లో నేను వేయను. సంక్రాంతి చలిలో వేస్తాను.

నిలవ విషయానికొస్తే, ఈ వానల్లో బయట ఐదు రోజులు మించి ఉంచొద్దు. ఫ్రిజ్‌లో రెండు వారాలు హాయిగా ఉంటాయి. ఫ్రిజ్‌లోంచి డబ్బా మొత్తం బయట పెట్టి మళ్లీ లోపల పెడుతూ ఉంటే తేమ పడుతుంది. రేపటికి కావలసిన రెండూ రాత్రే వేరే చిన్న డబ్బాలోకి తీసి ఉంచండి. పొద్దున్నకి మెత్తబడి ఉంటాయి, పన్ను నొప్పికి కూడా మంచిది.

చివరగా బాబు సంగతి. పరుగుకి ముందు తినే ఉండ, తర్వాత తినే ఉండ ఒకటి కాకూడదు. గింజల్లో నూనె ఎక్కువ, అది అరగడానికి టైము పడుతుంది. పరుగుకి ముందు దాన్ని నింపితే పొట్టలో రాయి పెట్టుకుని పరుగెత్తినట్టు ఉంటుంది. మీ వాడు కడుపు బరువు అంటున్నాడు కదా. కాబట్టి ముందు తినేదానిలో గుళ్లు, జీడి, నువ్వులు అన్నీ కలిపి 50కి తగ్గించి, ఖర్జూరం, అటుకులు ఆ మేరకు పెంచండి. అరగంట, ముప్పావుగంట ముందు ఒకటి తిని కొంచెం నీళ్లు తాగమనండి. అలవాటయ్యాక రెండు. సెలక్షన్ రోజున కొత్తగా ఏదీ తినకూడదు, ఇప్పుడు అలవాటైనదే తినాలి. గింజలు ఎక్కువున్న ఉండ పరుగయ్యాక. దాంతోనే సరిపెట్టకుండా ఇంటికొచ్చి గుడ్డు, చోడి అంబలి, టిఫిన్ ఏదో ఒకటి కడుపు నిండా తినాలి.

కళ్లు తిరిగాయన్నారు. ఒకసారి రక్తం చెక్ చేయించండి చెల్లెమ్మా. మగపిల్లాడికి రక్తహీనత ఎందుకుంటుందని వదిలేయకండి. ఉండలు పెట్టి ఆ సంగతి కప్పేయకూడదు.


తాండ్ర చాప, భీమాళి
జులై 9, మధ్యాహ్నం 1:20

జీడితోట అక్క తాండ్ర పేరెత్తారు కాబట్టి రెండు మాటలు. మాది విజయనగరం జిల్లా ఎల్.కోట మండలం భీమాళి, మా ఇంట్లో వేసవంతా ఇదే పని. మామిడి రసం వడగట్టి, తీపి కలిపి, చాపల మీద పొర ఎండాక పొర పోస్తాం. అందుకే మంచి తాండ్ర విరిచి చూస్తే పొరలు కనిపిస్తాయి. పొరలు లేకుండా జెల్లీలా జారిపోతుంటే అందులో పండు తక్కువని అనుకోండి.

తాండ్రని మిక్సీలో వేయకండి, బ్లేడుకి చుట్టుకుంటుంది. కత్తెరకి నెయ్యి రాసి, ముందు పట్టీల్లా, తర్వాత శనగపప్పు అంత ముక్కలు కత్తిరించండి. ఆ ముక్కల మీద ఒక చెంచా వేయించిన పిండి చల్లి కదిపితే ఒకదానికొకటి అంటుకోవు. అప్పుడు కలపండి. నమిలేటప్పుడు మధ్యమధ్యలో పులుపు తగులుతుంది, ఖర్జూరం తీపి మొహం మొత్తదు. తాండ్రలో పంచదార ఉంటుందని మాత్రం గుర్తుంచుకోండి, షుగర్ ఉన్నవాళ్లు ఖర్జూరం ఉండే కదా అని ఇష్టం వచ్చినన్ని తినకూడదు.


కవిటి కోడలు
జులై 9, రాత్రి 8:50

ఈ మాట చెప్పకుండా ఉండలేకపోయాను. మాది కూడా ఉద్దానమే. మా మామయ్యగారికి కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు డయాలసిస్ జరుగుతోంది. మా వైపు ఇలాంటి ఇల్లు వీధికి ఒకటైనా ఉంటుంది.

పోయిన సంక్రాంతికి చుట్టాలు ప్రేమగా ఖర్జూరం, జీడిపప్పు, నువ్వులతో ఉండలు చేసి తెచ్చారు. బలం వస్తుంది తిను అని ఆయన మంచం పక్కనే డబ్బా పెట్టారు. ఆయన మూడు రోజుల్లో ఎనిమిది తిన్నారు. కాళ్లలో సత్తువ లేదంటుంటే నీరసమనుకున్నాం. డయాలసిస్‌కి వెళ్లినప్పుడు రక్తపరీక్షలో పొటాషియం బాగా పెరిగిపోయి ఉంది. అక్కడి సిస్టర్ ఏం తిన్నారని ఒక్కొక్కటీ అడుగుతుంటే అప్పుడు ఈ డబ్బా గుర్తొచ్చింది. పొటాషియం మరీ పెరిగితే గుండె లయ తప్పుతుందట, ఆ రోజు ఆవిడ చెప్తుంటే నా చేతులు చల్లబడిపోయాయి.

ఖర్జూరం, ఎండుద్రాక్ష, అరటిపండు, కొబ్బరి, బెల్లం, గింజలు, వీటన్నిట్లో పొటాషియం ఉంటుంది. గింజలు, నువ్వులు, చోళ్లలో ఫాస్ఫరస్ కూడా ఉంటుంది. పరుగెత్తే పిల్లాడికి ఇవన్నీ బలం. కిడ్నీ రోగికి ఇవే ప్రమాదం. ఇంట్లో పెద్దవాళ్లుంటే, కిడ్నీ కోసం చేసే రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎక్కువుందని ఎవరికైనా చెప్పి ఉంటే, డాక్టరుని అడగకుండా ఒక్క ఉండ కూడా చేతిలో పెట్టకండి. డబ్బా వాళ్లకి అందేచోట ఉంచకండి. వాళ్లు అడిగి తినరు, కనిపిస్తే తింటారు.


జీడితోట, సోంపేట
జులై 9, రాత్రి 9:30

కవిటి అమ్మాయీ, ఈ మాట నేనే రాయాల్సింది. మా వీధిలోనూ ఇద్దరున్నారు. రాసి మంచి పని చేశావు తల్లీ. మీ మామయ్యగారు ఇప్పుడు ఎలా ఉన్నారు?

ఇంకో రెండు కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఏడాది లోపు పసిపిల్లలకి తేనె కలిపినవి నాకించకూడదు. ఐదేళ్ల లోపు పిల్లలకి గుళ్లు, జీడి పలుకులు తగలకుండా మెత్తగా దంచి, మనం పక్కన కూర్చుని పెట్టాలి, గొంతుకి అడ్డం పడతాయి.


కవిటి కోడలు
జులై 9, రాత్రి 9:45

ఇప్పుడు పర్వాలేదు పెద్దమ్మా. ఆయనకి ఏం పెట్టొచ్చో సిస్టర్ ఒక కాగితం రాసిచ్చారు, వంటింటి గోడకి అంటించాను.


నాగావళి అమ్మ, శ్రీకాకుళం
జులై 10, ఉదయం 11:00

జీడితోట అక్కా, మీరు రాసింది రెండుసార్లు చదివి నోట్సులో రాసుకున్నాను. అవును, చోడి పిండి పచ్చిదే వేశాను. ఓట్స్ చూసి అదీ అలాగే వేయొచ్చనుకున్నాను. కవిటి చెల్లీ, మా అత్తగారికి షుగర్ ఉంది, కిడ్నీ పరీక్ష ఈ మధ్య చేయించలేదు. మీ మాట చదివాక ఈ నెలలో చేయించాలనుకున్నాం.

ఒక సందేహం. మా ఇంట్లో గంటి (సజ్జ) పిండి కూడా ఉంది. చోడి పిండి బదులు అది వేయొచ్చా? పనసపండు కూడా ఇంట్లో ఉంది, రెండు తొనలు వేస్తే ఎలా ఉంటుంది?


జీడితోట, సోంపేట
జులై 10, మధ్యాహ్నం 12:10

గంటి పిండి వేయొచ్చు, అదీ వేయించాలి. కానీ గంటి పిండి త్వరగా కనరు వాసన వస్తుంది, చేదెక్కుతుంది. మర ఆడించి వారం దాటితే నోట్లో వేసుకుని చూసి అప్పుడు వాడండి. పనస తొన పచ్చిపండు కిందే లెక్క. ఆదివారం అందరూ ఇంట్లో ఉన్నప్పుడు నాలుగు ఉండల వరకు విడిగా చేసుకుని ఆ పూటే తినేయండి. డబ్బాలో ఉండలకి కలపకండి.


నాగావళి అమ్మ, శ్రీకాకుళం
జులై 20, రాత్రి 9:15

అక్కా, ఆలస్యంగా రాస్తున్నాను, పెళ్లి బ్లౌజులతో తీరిక లేదు. పోయిన శనివారం రాత్రి చేశాను. త్రాసు కొన్నాను. ఖర్జూరాలు చీల్చి చూస్తే ఆరింటిలో నల్లటి పొడి ఉంది. మొదటి రెండుసార్లు అలాగే మిక్సీలో వేసేశానని ఒళ్లు జలదరించింది. ఇడ్లీ పాత్రలో ఆవిరి పట్టడం బాగా పనిచేసింది. మిక్సీ వేడెక్కిపోతుంటే సగంలో ఆపి, ఎదురింటి పిన్నిగారి రోట్లో దంచాను. గుళ్లు, నువ్వులు రోకలి కింద జిగురెక్కుతుంటే మీరు రాసింది కళ్లారా చూసినట్టనిపించింది.

అరగంట ఆగకముందు ముద్ద చేతికి అంటుకుంటోంది, పిండి చల్లబోయి మీ మాట గుర్తొచ్చి ఆగాను. అరగంట తర్వాత సరిగ్గా వచ్చింది. పరుగుకి ముందు తినేవి పదిహేను, తర్వాతవి పది చేశాను. తేడా తెలియాలని తర్వాత తినేవాటిని నువ్వుల్లో దొర్లించాను. రెండు డబ్బాల మీదా తేదీ రాసి, పైగూట్లో కాకుండా ఫ్రిజ్‌లో అర వెనక్కి పెట్టాను, అత్తగారి చెయ్యి పడకుండా. ఆవిడకి విషయం చెప్పాను కూడా, ఏమీ అనుకోలేదు.

మొదటి రోజు వాడు ఒకటే తిన్నాడు. కడుపు బరువు లేదన్నాడు. నాలుగో రోజు నుంచి రెండు. నాలుగు రౌండ్లూ పూర్తి చేస్తున్నాడు. టైము ఇంకా తగ్గాలట, అది వాడి కోచ్ చూసుకుంటాడు. రక్తం చెక్ చేయించాం. హీమోగ్లోబిన్ 10.8 వచ్చింది. డాక్టరు ఐరన్ మాత్రలు రాశారు, రెండు నెలల తర్వాత మళ్లీ రమ్మన్నారు. మీరు ఆ ఒక్క మాట రాయకపోతే నేను ఉండలతోనే సరిపెట్టుకునేదాన్ని అక్కా.

ఎనిమిదో రోజున ఒకటి పగలగొట్టి చూశాను. వాసన లేదు, బూజు లేదు, రుచి మారలేదు. తాండ్ర ముక్కలు మాత్రం ఫ్రిజ్‌లో గట్టిపడి పంటికి తగులుతున్నాయంటున్నాడు.


జీడితోట, సోంపేట
జులై 20, రాత్రి 9:50

10.8 మగపిల్లాడికి తక్కువే చెల్లెమ్మా, మంచి పని చేశారు. మాత్ర వేసుకున్న వేళకి టీ, పాలు ఇవ్వకండి, ఐరన్ ఒంటికి పట్టదు. నిమ్మరసం నీళ్లయితే మంచిది. ఉండలు కూడా మాత్రకి గంట, రెండు గంటలు ఎడంగా తినమనండి, నువ్వులు, చోళ్లలో కాల్షియం ఉంటుంది.

తాండ్ర ముక్కల్ని కందిగింజ కంటే చిన్నగా కత్తిరించండి. అప్పటికీ పంటికి తగిలితే ఈసారి తాండ్ర మానేసి, ఆ 50 గ్రాములూ ఖర్జూరమే వేసి, ఉండలు కట్టేముందు అర చెక్క నిమ్మతొక్క తురుము కలపండి. రసం పిండకండి, అది మళ్లీ నీళ్లే.